లెక్క చూచుట లాంఛనము గాదు

ప్రభుత్వ ధనముతో నడచు శిక్షణ సంస్థల వార్షిక ఆయవ్యయములను గూర్చి మన రాష్ట్రమునందు విద్యావంతులలోను, అధికారవర్గములోను, పత్రికలలో వ్యాసములు వ్రాయువారిలోను స్థిరపడిపోయిన అభిప్రాయ మొకటి కలదు. శాసనసభ యేటేట బడ్జెటు సమావేశములలో పద్దు మంజూరు చేయుటతో దాని కర్తవ్యము ముగిసినదనియు, పిమ్మట ఆ సొమ్ము వ్యయమైన తీరును ఆడిటర్లు చూచుకొందురనియు, సంవత్సరాంతమున సభ మరల ఆ లెక్కలను తన యెదుటికి రప్పించుకొని, ఏ సంస్థకు ఆ సంస్థను వేఱుగా విచారించి, ఇది సమ్మతము, ఇది అసమ్మతము అని ఓటు వేయుట కాలహరణమే గాని ప్రజలకు దానివలన ఒనగూడు మేలు లేదనియు ఆ అభిప్రాయసారము. యువకులకు పని నేర్పవలసిన సంస్థను లెక్కల పేరిట వేధింపరాదనియు, ఎందఱు శిక్షణ పొందిరి, ఎందఱకు ఉద్యోగములు వచ్చెను అను రెండు ప్రశ్నలు తప్ప మూడవది అడుగదగదనియు దానికి మఱియొక మాట చేర్చుచుందురు. ఈ అభిప్రాయము తప్పు. అది స్వల్పమైన తప్పును గాదు. ఆమడగూరు వంటి మారుమూల మండలములలోని పేద కుటుంబములు తమ బిడ్డల భవిష్యత్తును ఎవరి చేతులలో పెట్టుచున్నవో ఆ చేతులను ప్రశ్నించు హక్కును, వారి ప్రతినిధులచేతనే వదలుకొనజేయు తప్పు.

ఈ వాదము చేయువారందఱు దురుద్దేశపరులని నేననను. వారిలో పెక్కుమంది ప్రభుత్వ కార్యాలయములలో ఒక దస్త్రము ఒక బల్లనుండి మఱియొక బల్లకు పోవుటకు పట్టు కాలమును కన్నులార చూచి విసిగినవారు. ఆడిట్ అభ్యంతరమునకు భయపడి మంచి పని మానుకొన్న అధికారులను ఎఱిగినవారు. యువకుని వయస్సు దస్త్రము కొఱకు ఆగదను బాధ నిజముగా గలవారు. ఆ బాధ నాకును కలదు. కాని ఆ బాధనుండి వారు లాగిన సిద్ధాంతము మాత్రము ఆ యువకునికే విరోధి యగుచున్నది.

ముందుగా మన రాజ్యాంగ మేమి చెప్పుచున్నదో, ఏమి చెప్పక విడిచినదో చూతము. 203వ అధికరణము ననుసరించి ప్రభుత్వ వ్యయపు అంచనాలు గ్రాంట్ల అభ్యర్థనల రూపమున శాసనసభ యెదుటికి రావలెను. సభ వానిని అంగీకరింపవచ్చును, తగ్గింపవచ్చును, నిరాకరింపవచ్చును. 204వ అధికరణము ననుసరించి ద్రవ్య వినియోగ చట్టము చేయనిదే సంచిత నిధినుండి ఒక్క రూపాయి వెలికి తీయరాదు. మంజూరైన దానికంటె అధికముగా వ్యయమైనచో 205వ అధికరణము ననుసరించి సభ మరల ఓటు వేసి దానిని క్రమపఱుపవలెను. 151వ అధికరణమును బట్టి కాగ్ (కంప్ట్రోలర్, ఆడిటర్ జనరల్) నివేదికలు గవర్నరుగారికి చేరి, వారిచే సభ యెదుట ఉంచబడును. ఇంతవఱకు బాగుగనే యున్నది. కాని గడచిన సంవత్సరమున ఫలానా సంస్థ తన సొమ్మును సక్రమముగా నిర్వహించినదా లేదా అను ప్రశ్నపై సభ ఓటు వేయవలెనను నియమము మనకు లేదు. ఇచ్చుటకు ఓటు కలదు. ఇచ్చినదానికి లెక్క తీసికొనుటకు ఓటు లేదు. 205వ అధికరణపు ఓటు ఒక్కటియే వెనుకకు చూచు ఓటు. అదియును మితిమీరిన వ్యయమునకే గాని దుర్వ్యయమునకు గాదు. ఆ ఒక్క ఓటైనను సకాలమున జరుగుట లేదనియు, పూర్వ సంవత్సరముల అధిక వ్యయములు క్రమపఱుపబడక నిలిచియున్నవనియు మన రాష్ట్ర ఆర్థిక స్థితిపై కాగ్ వ్రాయు నివేదికలు పదేపదే హెచ్చరించుచునే యున్నవి.

ప్రబలమైన అభిప్రాయమును సమర్థించువారు ఈ లోపమును లోపముగా నొప్పుకొనరు. అన్ని శాఖలకును ఒకటే పద్ధతి యున్నప్పుడు శిక్షణ సంస్థలకు ప్రత్యేకముగా ఏల అని అడుగుదురు. ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకే నేనీ వ్యాసమునకు పూనుకొంటిని గావున ఇక్కడ కొంత నిలిచి మాటాడెదను.

ఆమడగూరు మండలము కర్ణాటక సరిహద్దు నానుకొనియున్నది. దేశములో అత్యల్ప వర్షపాతము గల ప్రాంతములలో చేరినది. వేరుసెనగను నమ్ముకొని, ఆ పంట చేయిచ్చిన యేడు బెంగళూరును నమ్ముకొని బ్రతుకుచున్నది. ఇచట ప్రభుత్వము ఒక చెరువుకట్టను బాగుచేయించినచో అది బాగుపడినదో లేదో తొలి గట్టివానకే ఊరంతయు తెలిసికొనును. సిమెంటు రోడ్డు వేసినచో ఆరు నెలలకే దాని మందమెంతయో ఎడ్లబండి చక్రము చెప్పును. చౌక దుకాణమున బియ్యము తక్కువ తూచినచో ఆ సాయంత్రమే వీధిలో గోల యగును. కాని శిక్షణ అట్టి వస్తువు గాదు. పట్టణమున అద్దె గదిలో మూడు నెలలు కూర్చున్న యువకుడు ఒక ధ్రువపత్రము పుచ్చుకొని బయటికి వచ్చును. ఆ పత్రము వెనుక విద్య యున్నదో లేదో చూచుటకు అతని తలిదండ్రులకు శక్తి లేదు. అతనికైనను నిశ్చయముగా తెలియదు. తనకు నేర్పవలసిన యంత్రము ఆ గదిలో లేదని అతడెట్లు తెలిసికొనగలడు? ఆ యంత్రమును అతడెన్నడును చూచినవాడు గాడు గదా! ఉద్యోగము రానప్పుడు నేర్పినవాని లోపమని అతనికి తోచదు. తన బుద్ధికే ఆ భాగ్యము లేదనుకొని తలవంచుకొని బస్సెక్కి బెంగళూరులో ఏదో యొక కట్టడము పనికి పోవును. రోడ్డు చెడినచో నింద కాంట్రాక్టరుపై పడును. శిక్షణ చెడినచో నింద శిష్యునిపై పడును. నష్టపోయినవాడే తన నష్టమును తన దోషముగా భావించు రంగము ప్రభుత్వ వ్యయమున మఱియొకటి నాకు కనబడుట లేదు. అందువలననే ఈ రంగమున ఊరి కన్ను చేయలేని పనిని సభ కన్ను చేయవలెను.

ఎఱ్ఱమంచిలో కియా కార్ల కర్మాగారము వచ్చినప్పటినుండి, అనగా 2017లో ఒప్పందము జరిగి 2019 ఆగస్టులో తొలి సెల్టోస్ కారు బయటికి వచ్చిన నాటినుండి, పెనుకొండ, హిందూపురము, ధర్మవరము, కదిరి ప్రాంతములలో శిక్షణ అను మాటకు పూర్వము లేని ఆకర్షణ వచ్చినది. తండ్రి యెకరమో, అరెకరమో అమ్మి కొడుకునకు ఏదో యొక కోర్సు చెప్పించుట ఇప్పుడు వింత గాదు. ఇట్టి ఆశపై నడచు సంస్థలు ఆశ యెంత గొప్పదో అంత కఠినమైన పరీక్షకు నిలువవలెను.

సంఖ్యలు చాలునను వాదమును ఇక్కడనే తేల్చెదను. శిక్షణ పొందినవారి తలకింత అని ప్రభుత్వము చెల్లించు పద్ధతిలో తలల సంఖ్యయే సరకు. విద్య తగ్గినను సంఖ్య పెరుగవచ్చును. తఱచు విద్య తగ్గినందువలననే సంఖ్య పెరుగును. 2015 జూలై 15న కేంద్రము ప్రారంభించిన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన తొలి దశను పరిశీలించిన శారదా ప్రసాద్ సంఘము 2016లో తన నివేదికలో తేల్చిన మాట యిదియే: అందఱును సంఖ్యల వెంట పరుగెత్తిరి గాని యువకుని ఉపాధిని గాని, పరిశ్రమల అవసరమును గాని గమనింపలేదు. సంస్థ తానే లెక్కించి తానే ప్రకటించు సంఖ్యను ఆ సంస్థ యోగ్యతకు సాక్ష్యముగా స్వీకరించుట పరీక్ష వ్రాసినవానిచేతనే మార్కులు వేయించుట.

ఇక ఆడిటర్లున్నారు గదా అను మాట. ఆడిటరు ఎవరికి వ్రాయుచున్నాడు? కాగ్ అధికారి రాజ్యాంగములో అత్యంత ముఖ్యమైనవాడని అంబేడ్కరుగారు రాజ్యాంగ సభలో అభిప్రాయపడినది ఆయన కూడికలు తీసివేతలు సరిగా చేయునని గాదు. ఆయన చెప్పిన సత్యము ప్రజాప్రతినిధుల సభకు చేరునని. సభ వినని ఆడిట్ నివేదిక అర్ధాంతరముగా నిలిచిన వాక్యము. కంపెనీల చట్టమును 2013లో తిరిగి వ్రాసినప్పుడు పార్లమెంటు ఈ సంగతి నెఱిగియే 395వ సెక్షనులో రాష్ట్ర ప్రభుత్వ కంపెనీల వార్షిక నివేదికను, ఆడిట్ నివేదికను, దానిపై కాగ్ వ్యాఖ్యలను శాసనసభ యెదుట ఉంచవలెనని శాసించినది. అయితే ఉంచవలెనన్నది గాని, ఉంచినదానిని సభ యేమి చేయవలెనో చెప్పలేదు. సభ బల్లపై చేరిన పుస్తకములు సభ్యుల చేతులలోనికి ఎన్ని పోవుచున్నవో, వానిలో తెఱువబడునవి యెన్నో, శాసనసభ సమావేశముల తీరు చూచుచున్న ప్రతివానికి తెలియును. కాగితమును సమర్పించుట జవాబు చెప్పుట గాదు. ఎదుట నిలిచి, ప్రశ్న విని, దానికి తగిన మాట పలికి, ఆ మాట చాలినదో లేదో ఇతరులు తీర్పు చెప్పు వఱకు వేచియుండుటయే జవాబు చెప్పుట.

ఆ సెక్షనునకును లొంగని సంస్థలు కలవు. ప్రభుత్వ కంపెనీ అనిపించుకొనుటకు చెల్లించిన మూలధనములో నూటికి 51 వంతులకు తక్కువ గాకుండ ప్రభుత్వమునదై యుండవలెను. 2008లో కేంద్రము స్థాపించిన జాతీయ నైపుణ్యాభివృద్ధి సంస్థలో ప్రభుత్వ వాటా 49 వంతులు, ప్రైవేటు సంఘముల వాటా 51 వంతులు. అది ఖర్చుపెట్టిన ధనములో అత్యధిక భాగము ప్రజలదే. వాటాల గుణకారములో మాత్రము అది ప్రభుత్వ కంపెనీ గాకపోయెను. రెండు వంతుల తేడాతో దేశములోని నైపుణ్య శిక్షణకు కేంద్రస్థానమైన సంస్థ చట్టపు నిర్వచనమునకు ఆవల నిలిచిపోయినదనగా, నిర్వచనములను నమ్ముకొన్న పర్యవేక్షణ యెంత బలహీనమో తెలియుచున్నది. సొమ్ము ఎక్కడనుండి వచ్చినదో అక్కడికి లెక్క పోవలెనను సూత్రమొక్కటియే ఇట్టి కన్నములను పూడ్చగలదు.

పి.డి. ఖాతాల సంగతియు ఇటువంటిదే. సభ మంజూరు చేసిన సొమ్మును ఒక సంస్థ పర్సనల్ డిపాజిట్ ఖాతాకు మార్చిన మాత్రమున సంచిత నిధి లెక్కలో అది వ్యయమైనట్లు వ్రాయబడును. ఆ రూపాయి ఇంకను ఖజానాలోనే యున్నను, ఒక్క విద్యార్థికి ఒక్క పాఠమైనను చెప్పకున్నను, పద్దు వ్యయమైనదను తృప్తి సభకు మిగులును. ఆ ఖాతానుండి పిమ్మట ఎవరికి, ఎందులకు, ఏ ధరకు పోయెనో సభ యెఱుగదు. పొలములో విత్తనము వేసి కోతకు రాక వెళ్ళిపోయిన రైతు వలె సభ ప్రవర్తించుచున్నది.

స్వయంప్రతిపత్తి వాదము వీనికంటె గౌరవప్రదముగా వినబడును. నిపుణులు నడపు సంస్థలో రాజకీయ నాయకులు చేయి పెట్టినచో సంస్థ చెడుననుట. దీనికి మన గణతంత్రము బాల్యదశలోనే సమాధానము చెప్పుకొన్నది. 1957లో జీవిత బీమా సంస్థ హరిదాస్ ముంధ్రా కంపెనీల వాటాలను సుమారు ఒక కోటి ఇరువది నాలుగు లక్షల రూపాయలు పెట్టి కొనినది. బీమా సంస్థ స్వతంత్ర ప్రతిపత్తి గలది, దాని పెట్టుబడుల వ్యవహారము పార్లమెంటు చర్చకు రాదగదు అను మాట అప్పుడును వినబడెను. ఫిరోజ్ గాంధీగారు పాలకపక్ష సభ్యుడై యుండియు లోక్‌సభలో ఆ ప్రశ్నను లేవనెత్తిరి. న్యాయమూర్తి ఛాగ్లాగారి ఏకసభ్య సంఘము బహిరంగముగా విచారించెను. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేసిరి. బీమా సంస్థ చెడిపోయెనా? ఇంకను నిలిచియే యున్నది, పెరిగియే యున్నది. సభ ప్రశ్నించినందువలన ప్రజల నమ్మకము దానిపై హెచ్చినదే గాని తగ్గలేదు. పని చేయు విధమున స్వేచ్ఛ వేఱు, చేసిన పనికి లెక్క చెప్పుట వేఱు. మొదటిది సంస్థకు ఇవ్వదగినది. రెండవది ఏ సంస్థకును మాన్పదగినది గాదు.

మన రాష్ట్రపు ఉదాహరణమును విడిచి దూరదేశముల మాట చెప్పుట న్యాయము గాదు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ రాష్ట్ర విభజన జరిగిన 2014లోనే ఏర్పడినది. 2017లో సీమెన్స్, డిజైన్‌టెక్ సంస్థలతో కుదిరిన ఒప్పందములో పథకపు విలువ సుమారు 3,300 కోట్లనియు, అందులో పదవ వంతు ప్రభుత్వము, మిగిలినది ఆ సంస్థలు భరించుననియు చెప్పబడెను. పన్నులతో గూడ 371 కోట్ల రూపాయలు ప్రభుత్వము చెల్లించెను. మిగిలిన తొమ్మిది వంతులు ఏ రూపమున వచ్చెను, వచ్చిన సామగ్రి విలువను ఎవరు కట్టిరి అను వివాదము తరువాత లేచెను. 2021 డిసెంబరులో సి.ఐ.డి. కేసు నమోదు చేసెను. 2023 సెప్టెంబరు 9న అప్పటి ప్రతిపక్ష నాయకుడు, మాజీ ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు గారిని నంద్యాలలో అరెస్టు చేసిరి. నవంబరు 20న హైకోర్టు బెయిలు మంజూరు చేసెను. 2024 జనవరి 16న సుప్రీంకోర్టు న్యాయమూర్తు లిరువురు అవినీతి నిరోధక చట్టపు 17ఎ సెక్షను విషయమున భిన్నాభిప్రాయములు వెలిబుచ్చిరి. నేరమున్నదా లేదా అను విషయమున నేను ఒక్క మాటయు పలుకను. అది న్యాయస్థానముల అధికారము, దానిపై వ్యాసకర్తలు తీర్పులు చెప్పరాదు.

నేనడుగునది వేఱు. ఒప్పందము జరిగినది 2017లో. కేసు నమోదైనది 2021లో. నడుమ నాలుగేండ్లు. ఆ నాలుగేండ్లలో ప్రతి సంవత్సరము ఆ సంస్థ నిర్వాహకులు సభాసంఘము ముందు కూర్చుండి, ప్రభుత్వ వాటా ఎంత పోయినది, భాగస్వాముల వాటా ఎంత వచ్చినది, దాని విలువను కట్టినవా రెవరు అను మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పి, ఆ సమాధానముపై సభ ఓటు వేయు నియమ మున్నచో ఏమగును? లోపమున్నచో తొలి యేటనే తెలిసి, సొమ్ము నిలిచిపోవును. లోపము లేనిచో సభ ఓటే నిర్వాహకులకు కవచమై, ఎన్నికలలో పక్షము మారిన నాడు పాత దస్త్రము కొత్త ఆయుధము గాకుండ కాచును. నిర్దోషికి ఇంతకంటె గొప్ప రక్షణ లేదు. లెక్క అడుగుటవలన అధికారులు భయపడుదురను వారు ఈ సంగతిని ఆలోచింపలేదు. నేడు మంచి అధికారి భయపడుచున్నది సభ ప్రశ్నకు గాదు, ఐదేండ్ల తరువాత రాబోవు పోలీసు ప్రశ్నకు. సభ తన కాలమున తన పని చేయకపోవుటచేతనే ఆ పని రాజకీయ కక్ష యను నిందతో గూడి పోలీసుస్టేషనునకు చేరుచున్నది.

ఇట్టి ఓటు సాధ్యమా అని సందేహించువారు యూరపు పార్లమెంటు నియమమును చూడవచ్చును. ఇటలీలోని ట్యూరిన్ నగరమున యూరోపియన్ ట్రైనింగ్ ఫౌండేషన్ అను సంస్థ కలదు. పొరుగు దేశములలో వృత్తివిద్యను బాగుపఱుచుట దాని పని. దాని వార్షిక వ్యయము సుమారు రెండు కోట్ల యూరోలు, అనగా అచటి లెక్కలో స్వల్పము. అంత చిన్న సంస్థ లెక్కలను కూడ యూరపు ఆడిటర్ల న్యాయస్థానము వేఱుగా పరిశీలించును; మంత్రిమండలి సిఫారసు చేయును; పార్లమెంటు ప్రతి సంవత్సరము ఆ ఒక్క సంస్థ పేరిటనే తీర్మానము చేసి, బడ్జెటు నిర్వహణ విషయమున దాని డైరెక్టరును బాధ్యతనుండి విముక్తుని చేయుటయో, నిలిపివేయుటయో, నిరాకరించుటయో చేయును. నిరాకరించిన సందర్భములును కలవు. పోలీసు అధికారులకు శిక్షణ నిచ్చు యూరపు పోలీసు కళాశాల 2008 సంవత్సరపు లెక్కలను 2010 అక్టోబరులో ఆ పార్లమెంటు ఆమోదింప నిరాకరించెను. నిధుల నిర్వహణ, కొనుగోళ్ళ నియమములు సక్రమముగా లేవని ఆడిటర్లు చెప్పిన మాటను సభ బల్లపై పెట్టి మఱచిపోలేదు. తన ఓటుతో ముద్ర వేసినది.

అంతకంటె పెద్ద ఉదంతము 1998-99ది. 1996 సంవత్సరపు లెక్కల విషయమున యూరపు పార్లమెంటు 1998 డిసెంబరులో యూరపు కమిషనుకు ఆమోదము నిరాకరించెను. 1999 మార్చిలో జాక్ సాంటేర్ అధ్యక్షతన గల ఆ కమిషను మొత్తము రాజీనామా చేసెను. స్వతంత్ర నిపుణుల సంఘము ఆ సందర్భమున విచారించి తప్పుపట్టిన వ్యవహారములలో ముఖ్యమైనది లియోనార్డో డావించి కార్యక్రమము. అది యేమి కార్యక్రమము? వృత్తి శిక్షణ కార్యక్రమము! దాని నిర్వహణను బయటి సంస్థ కప్పగించి, అచట జరుగు అక్రమములను ఆలస్యముగా గుర్తించిరి. సంపన్నములై, సుశిక్షితులైన ఆడిటర్లు గల దేశములలో సైతము శిక్షణ పేరిట పోవు ధనమే అంత సులభముగా దారి తప్పినదన్నచో, అది ఆ దేశముల స్వభావము గాదు, శిక్షణ యను పదార్థము స్వభావము. పైన చెప్పితిని: దాని ఫలము కంటికి కనబడదు. ఆ కమిషనును దింపినది పోలీసులు గాదు, ఎన్నికలు గాదు. లెక్కలపై వేసిన ఓటు.

శాసనసభ్యులకు లెక్కలు తెలియవు, తెలిసినను పక్షపాతముతో ఓటు వేయుదురు అనునది మిగిలిన ఆక్షేపణ. ఇందులోని రెండవ భాగము తోసిపుచ్చదగినది గాదు. కాని దానికి విరుగుడు కనిపెట్టినవారు మన ప్రాంతమువారే. 1950లో పార్లమెంటు అంచనాల సంఘ మేర్పడినప్పుడు దానికి తొలి అధ్యక్షులు చిత్తూరు జిల్లావారైన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. పాలకపక్షమున నుండియు పాలనను తఱచి చూడవచ్చునని వారు చూపిరి. 1967లో హిందూపురము నుండి లోక్‌సభకు ఎన్నికై స్పీకరు పదవి నధిష్ఠించినవారు అనంతపురము జిల్లా ఇల్లూరు గ్రామవాసులైన నీలం సంజీవరెడ్డిగారు. ప్రజా పద్దుల సంఘమునకు ప్రతిపక్ష సభ్యుని అధ్యక్షునిగా నియమించు సంప్రదాయము ఆ యేటనే, వారి కాలముననే, స్వతంత్ర పార్టీ నాయకులైన మీనూ మసానీగారితో మొదలయ్యెను. లెక్కలు చూచు పీఠముపై లెక్కలు వ్రాసినవాని పక్షము కూర్చుండరాదను ధర్మమునకు హిందూపురము ప్రతినిధి చేతిమీదుగా ఆచారరూపము కలిగినదని ఈ ప్రాంతపు ప్రజలలో ఎందఱకు తెలియును? తెలిసినచో దానిని పోగొట్టుకొనుటకు ఇంత సులభముగా ఒప్పుకొనియుండరు.

పోగొట్టుకొనుట యనుచున్నాను. 2019 నుండి ఉరవకొండ ప్రతినిధి పయ్యావుల కేశవ్‌గారు ప్రతిపక్షమువారై రాష్ట్ర ప్రజా పద్దుల సంఘమునకు అధ్యక్షులుగా నుండి, 2021లో సుమారు 41,000 కోట్ల రూపాయల చెల్లింపులకు సరియైన పద్ధతిలో బిల్లులు లేవని గవర్నరుగారికి ఫిర్యాదు చేయగా, ఆ విషయము రాష్ట్రమంతట చర్చకు వచ్చెను. ప్రభుత్వ మా మాటను కాదన్నది. అయినను సమాధానము చెప్పవలసి వచ్చెను గదా. 2024 నవంబరులో ఆ సంఘమునకు జరిగిన ఎన్నికలో పదునొకండుగురు సభ్యులు మాత్రమే గల ప్రతిపక్షమునకు స్థానము దక్కలేదు. ప్రతిపక్షము ఓటింగును బహిష్కరించెను. అధ్యక్షపదవి పాలక కూటమి సభ్యునికే చేరెను. నియమముల ప్రకారము అది తప్పు గాకపోవచ్చును. కాని 1967 నాటి ధర్మము నియమమునకు మించినది. నాడు ప్రతిపక్షమున నుండి ఆ పీఠముయొక్క విలువను నిరూపించినవారే నేడు రాష్ట్ర ఆర్థిక మంత్రి; ఆ పీఠము బలము వారికంటె బాగుగా ఎవరికి తెలియును?

లెక్కలు తెలియవను మొదటి భాగమును మాత్రము నేను బొత్తిగా అంగీకరింపను. దీనికి సాక్ష్యము ఈ జిల్లాల పల్లెలే. 2006 ఫిబ్రవరి 2న జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకమును ప్రారంభించినది అనంతపురము జిల్లా నార్పల మండలము బండ్లపల్లిలో. ఆ పథకమునకు మూలమైన చట్టపు 17వ సెక్షను గ్రామసభకు సామాజిక తనిఖీ అధికారము నిచ్చినది. అప్పటినుండి మన మండలములలో ఏమి జరిగినదో చూడుడు. మస్టరు రోలు పట్టుకొని ఊరి యువకులు ఇంటింటికి పోయి, ఈ పేరు నీదేనా, ఈ వారము పనికి పోతివా, ఈ కూలి అందినదా అని అడిగిరి. గ్రామసభలో ఆ పేర్లు బిగ్గరగా చదివిరి. మండల కేంద్రమున ప్రజావేదిక పెట్టి అందఱి యెదుట ఫీల్డ్ అసిస్టెంటును నిలబెట్టి, తినిన సొమ్మును కక్కించిరి. చదువురాని కూలి తల్లి, తాను పోని పనికి తన పేరు వ్రాసినారని మైకులో చెప్పగలిగినది. కొన్ని వందల రూపాయల కూలి లెక్కను ఆమడగూరు వంటి మండలములోని కూలి స్త్రీ బహిరంగముగా పరీక్షింపగలిగినప్పుడు, కోట్ల రూపాయల శిక్షణ లెక్కను వెలగపూడిలో కూర్చున్న శాసనసభ్యుడు పరీక్షింపలేడనుట ఆ సభ్యునికి గాని, అతని నెన్నుకొన్న ఆ స్త్రీకి గాని గౌరవము గాదు. ఆమెకు విధించిన పరీక్షను పెద్ద సంస్థలకు మినహాయించుటలో న్యాయము నాకు కనబడదు.

కాలహరణ మను మాటకు సమాధానము క్లుప్తము. వెనుకటి సంవత్సరపు లెక్కపై ఓటు వేయుట ఈ సంవత్సరపు తరగతిని ఆపదు. యూరపు పార్లమెంటు గడువు లెక్కల సంవత్సరము ముగిసిన పిమ్మట రెండవ యేటి మే 15; అంతవఱకు ఆ సంస్థ యథాప్రకారము పని చేయుచునే యుండును. ఆలస్యమునకు భయపడువారు ఇచ్చునప్పటి తొందరను చూచి భయపడవలెను. 2023 మార్చి 23న లోక్‌సభ సుమారు 45 లక్షల కోట్ల రూపాయల కేంద్ర వ్యయమును, కేకల నడుమ, చర్చ లేకయే, కొద్ది నిమిషములలో ఆమోదించెను. 2018 మార్చిలోను ఇట్లే జరిగెను. మన జిల్లాలోనే గోరంట్ల మండలము పాలసముద్రమున 541 కోట్ల వ్యయముతో, 500 ఎకరములలో కట్టిన కస్టమ్స్, పరోక్ష పన్నుల జాతీయ అకాడమీని 2024 జనవరి 16న ప్రధానమంత్రి ప్రారంభించిరి. అదియును శిక్షణ సంస్థయే. దాని నిర్మాణపు చివరి యేటి పద్దు ఆ కొద్ది నిమిషములలోని దొక్కటి. ఆ అకాడమీ నిర్మాణమున దోషమున్నదని నేననుట లేదు; కట్టడము చక్కగనే యున్నది. పాలసముద్రపు రైతు తన పొలముల నడుమ లేచిన ఆ భవనములకు ఏటేట ఎంత వ్యయమగుచున్నదో, అందువలన ఏమి ఫలము కలుగుచున్నదో తన పార్లమెంటు సభ్యునినుండి వినదగియుండెననుచున్నాను. ముందు చర్చ లేక, వెనుక ఓటు లేక, నడుమ ఆడిట్ నివేదికను చదువువారు లేక పోవు ధనమును ప్రజాధనమని పిలుచుట పేరునకే.

రాష్ట్రమున మరల నైపుణ్య గణనము, శిక్షణ విస్తరణము అను పెద్ద పనులు తలపెట్టబడినవి. 2024 జూన్ 13న ముఖ్యమంత్రి పదవీస్వీకారానంతరము చేసిన తొలి సంతకములలో నైపుణ్య గణన దస్త్రము కూడ కలదు. మంచిదే. ఆ పనులకు పోవు సొమ్ముతో పాటు లెక్క వచ్చు త్రోవయు ఇప్పుడే వేయవలెను. ప్రతి శిక్షణ సంస్థ తన వార్షిక లెక్కను మండలములవారీగా, కోర్సులవారీగా, చెల్లింపు పొందిన భాగస్వామి సంస్థలవారీగా తెలుగులో ముద్రించి సభకు సమర్పింపవలెను. ప్రతిపక్ష సభ్యుని అధ్యక్షతన గల సంఘము నిర్వాహకులను పిలిచి ప్రశ్నింపవలెను. ఆ విచారణము తలుపులు మూసికొని జరుగరాదు. పిమ్మట సభ ఆ సంస్థ పేరు చెప్పి, అవునని గాని కాదని గాని ఓటు వేయవలెను. కాదన్నచో మఱుసటి పద్దులో ఆ మేర సొమ్ము నిలుపవలెను. దీనికి రాజ్యాంగ సవరణ అక్కఱలేదు, కేంద్రము అనుమతి అక్కఱలేదు, కొత్త పన్ను అక్కఱలేదు. తన కార్యవిధానమునకు నియమములు తానే చేసికొను అధికారమును 208వ అధికరణము శాసనసభకు ఇచ్చియున్నది. ఆర్థిక వ్యవహారముల క్రమమును చట్టముచే నిర్ణయింపవచ్చునని 209వ అధికరణము చెప్పుచున్నది. రాబోవు బడ్జెటు సమావేశములలో పుట్టపర్తి, కదిరి, పెనుకొండ, ధర్మవరము, హిందూపురము ప్రతినిధులు, ఏ పక్షమువారైనను సరే, నియమావళి సవరణకు నోటీసిచ్చి, తొలి ఓటు రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ లెక్కలపైననే జరుగవలెనని పట్టుపట్టవలెనని వారిని నేను బహిరంగముగా కోరుచున్నాను.